గాజు పలక కింద చెమ్మ

1954వ సంవత్సరం. మద్రాసు చూలైలో, చిన్న చిన్న వర్క్‌షాపులున్న ఒక సందులో మా ఇల్లు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి ఏడాది దాటినా, మద్రాసు ఎవరికి దక్కాల్సిందని టీ కొట్ల దగ్గర వాదించుకునేవాళ్ళ నోళ్ళు ఇంకా మూతపడలేదు. నాకా వాదనల్లో తలదూర్చే తీరిక లేదు. నా పని బండలు. పరిచే మేస్త్రీలు వేరే ఉంటారు. మరకలు పట్టి పాడైన బండలను మళ్ళీ మామూలు రంగుకు తెచ్చి, పైన అవిసె నూనె, తేనెమైనం కలిపి పట్టించి, కొత్త మరక లోపలికి దిగకుండా మూసేవాణ్ణి నేను. ఈ ఆఖరి పనిని దొరల బంగళాల్లో 'సీలింగ్' అనేవాళ్ళు. మేమూ అదే మాట వాడుకున్నాం.

ముప్ఫై ఏళ్ళు ఆ పని చేశాను. మీ అనుభవాల్లో ఒకటి చెప్పండి అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఒక్కటే. అందులో నా గొప్పతనం ఏమీ లేదు, ముందే చెప్పేస్తున్నాను.

కడప రాయి నల్లగా, గట్టిగా ఉంటుంది కదా, దానికేమవుతుందిలే అనుకుంటారు జనం. రాయి తాగుతుందండీ. నూనె పోస్తే నూనె తాగుతుంది, పసుపు నీళ్ళు పోస్తే పసుపు తాగుతుంది. అన్నిటికన్నా దానికి గిట్టనిది పులుపు. కడప రాయి సున్నపు జాతి. చింతపండు గుజ్జు కాసేపు దాని మీద నిలిచిందంటే పైపొరను తినేస్తుంది. ఆ చోటు తెల్లగా, గరుకుగా తేలుతుంది. మన ఇళ్ళలో ఇత్తడి గిన్నెలు తోమేది చింతపండుతోనే, అదీ పెరటి బండల మీదే. అందుకని ఏ ఇంట్లో పని ముగించినా వెళ్ళేముందు ఒక మాట చెప్పేవాణ్ణి. గిన్నెలు తోమడానికి వేరే ఒక మొద్దు రాయి వేసుకోండి, చింతపండు నీళ్ళు ఈ బండల మీద పడనీయకండి అని. మంచి మాటే. కానీ ఆ మాటే ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

మా సందుకు రెండు వీధుల అవతల రత్నమ్మగారి ఇల్లు. ఆవిడ భర్తది ఇనప సామాన్ల వ్యాపారం. నెల్లూరు వైపు నుంచి తాతల నాడే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంటి వెనక విశాలమైన పెరడు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కడప బండలు. ఆ కార్తీకంలో ఆయనకు షష్టిపూర్తి. పెరట్లోనే పందిరి వేసి అక్కడే వేడుక జరిపించాలని ఆవిడ పట్టుదల. మరకలన్నీ పోగొట్టి, బండలు అద్దంలా చేసి ఇమ్మని నన్ను పిలిపించారు.

దీపపు గూటి కింద నూనె మరక. రోలు దగ్గర పసుపు. ఇనప బకెట్లు పెట్టేచోట తుప్పు వలయాలు. నూనె మరకకు సుద్దపొడిని టర్పెంటైనుతో ముద్దలా కలిపి, మందంగా పట్టించి, ఎండేదాకా వదిలెయ్యాలి. సెగ్గడ్డకు పిండికట్టు వేస్తే చీము లాగినట్టు అది రాయిలోని నూనెను పైకి లాగుతుంది. దీని పేరు 'పోల్టీస్'. పసుపును ఎండే తినేస్తుంది, మనం చేసేదేమీ లేదు. తుప్పు ఒక్కటే మొండిది. నీళ్ళు పోసుకుంటూ సానరాయితో రుద్దీ రుద్దీ నా భుజాలు పడిపోయాయి.

ఆ ఇంట్లో పనిచేసే మరియమ్మ నాకు నీళ్ళు అందించేది. వాషర్‌మెన్‌పేట నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. పదకొండేళ్ళుగా అదే ఇంట్లో పని. నలభై దాటిన మనిషి, భర్త లేడు, మాట కాస్త పదును.

"ఏం మేస్త్రన్నా, పదకొండేండ్లు నేను కడిగినా కదలని మరకలు నీ సుద్దకి కదలతా ఉండాయే. నా చేతిలో బలం లేదంటావా, నా చీపురులో లేదంటావా?"

"బలంతో పొయ్యేది కాదు మరియమ్మా. రాయి ఎంత సేపు తాగిందో అంత సేపు కక్కాల."

"ఆమా, నిజమే, మనిషీ అంతే గదా," అనేసి బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మరకలు పోయాక అసలు పని మొదలవుతుంది. సీలింగ్ చేసే ముందు రాయి పూర్తిగా ఆరాలి. పైకి ఆరినట్టు కనబడితే సరిపోదు. రాయి కింద ఇసుక పరుపు ఉంటుంది, అందులో తడి ఉంటుంది, అది పైకి వస్తూనే ఉంటుంది. ఆరిందో లేదో తేల్చడానికి నాకు పని నేర్పిన పెద్దమేస్త్రి ఒక పద్ధతి చెప్పాడు. జానెడు గాజు పలకను బండ మీద పెట్టి, చుట్టూ అంచులకు గోధుమపిండి ముద్ద అతికించి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యాలి. పొద్దున లేపి చూస్తే పలక అడుగున చెమ్మ ఉండకూడదు. ఉందంటే ఇంకా ఆగాలి. తడి మీద నూనె పూస్తే ఆ తడి పైకి రాలేక పూత కిందే ఉండిపోయి కొన్నాళ్ళకు పాలు ఒలికినట్టు తెల్లగా తేలుతుంది. "రాయికి తొందర లేదురా, తొందరంతా నీదే" అనేవాడు పెద్దమేస్త్రి.

గాజు పలక పెడుతుంటే మరియమ్మ వచ్చి అదెందుకని అడిగింది. అడిగినవాళ్ళకు చెప్పడం నాకు సరదా. పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగా వింది.

కార్తీకం మద్రాసులో వానల కాలమని వేరే చెప్పాలా. రెండు రోజులు ముసురు పట్టింది. పందిరి రాటలు వచ్చేశాయి, వంటవాళ్ళు పొయ్యిలకు చోటు చూసుకుంటున్నారు. రత్నమ్మగారు గంటకోసారి గుమ్మంలోకి వచ్చి, "అయిపోతుందా మేస్త్రీ? ఆయన నక్షత్రం ముందుకీ పోదు, ఎనక్కీ రాదు," అనేవారు. మరునాడు తెల్లవారుతూనే వెళ్ళి, గిన్నెలు తోమే మూలలో పెట్టిన పలకను లేపాను. పెరట్లో నీళ్ళన్నీ ఆ మూలకే వాలుతాయి. పలక అడుగంతా చెమ్మ. చూశాను. భుజం మీది తువాలు కొసతో దాన్ని తుడిచాను. ఎండ వస్తే అదే ఆరుతుందిలే అని నాకు నేనే చెప్పుకుని, నూనె డబ్బా మూత తీశాను.

షష్టిపూర్తి నాడు బండలు నిగనిగలాడాయి. వచ్చినవాళ్ళంతా కిందికి చూసి నడిచారు. రత్నమ్మగారి భర్త నా భుజం తట్టి, "మంచి పని మేస్త్రీ," అన్నారు. నేను సిగ్గు లేకుండా నవ్వాను.

మాఘంలో కబురొచ్చింది, అమ్మగారు రమ్మంటున్నారని. కొత్త పని కాబోలని సంతోషంగా వెళ్ళాను. పెరట్లోకి అడుగు పెట్టగానే ఆగిపోయాను. గిన్నెలు తోమే మొద్దు రాయి ఉన్న మూల నుంచి బావి వైపు దాకా తెల్లటి మచ్చలు. కొన్ని అరచెయ్యంత, కొన్ని పళ్ళెమంత.

"చూడు మేస్త్రీ," అన్నారు రత్నమ్మగారు. "నువ్వు అంత జెప్పి పోయినావు గదా, చింతపండు తగలనీయొద్దని. ఆ మరియమ్మ ఇన్నదా? చింతపండు పూసిన గిన్నెలు ఈ బండల మీదనే పెట్టుండాది. అడిగితే లేదంటాది. మరి ఆకాశం నుంచి రాలిందా? పన్నెండు దినాలయింది, ఇంక రావద్దని పంపించేసినా."

పక్కింటి కమలమ్మగారు పిట్టగోడ అవతల నిలబడి వింటున్నారు. "మొన్న మా ఇంటికి వచ్చింది పని అడిగేదానికి," అన్నారు ఆవిడ. "మాకూ ఈ బండలే గదా. ఆలోచిస్తామని పంపినా."

రత్నమ్మగారు నా వైపు తిరిగారు. "నువ్వు రాయి తెలిసినోడివి. నువ్వు జెప్పు. ఇది చింతపండు పనే గదా?"

వంగి వేలితో తడిమితే తెలిసిపోయే సంగతి. నేను వంగలేదు. వంగితే ఏం తెలుస్తుందోనని భయం. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "అట్టనే ఉండాదమ్మా," అన్నాను. రత్నమ్మగారు తల పంకించారు. కమలమ్మగారు, "అయితే మాకొద్దులే," అనేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ వీధిలో సగం ఇళ్ళకు కడప బండలే. నా ఒక్క మాటతో మరియమ్మకు అన్ని గుమ్మాలూ మూసుకుపోయాయి.

మరునాడు ఆ మచ్చలు తీసే పనిలోకి దిగాను. రత్నమ్మగారు లోపలికి వెళ్ళాక మొదటి మచ్చ మీద గోరు పెట్టి గీశాను. తెల్లటి పొర గోట్లోకి వచ్చింది. చాకు తీసుకుని ఒక పళ్ళెమంత మేర గీకాను. కింద రాయి నల్లగా, నున్నగా, పసిపిల్ల బుగ్గలా ఉంది. చింతపండు తిన్న రాయి అట్లా ఉండదు. అది గీకితే పోయే జబ్బు కాదు, వేలికి గరుకు తగులుతుంది. ఇది నా పూత. తడి మీద నేను పూసిన నూనె.

నిజం చెప్పాలంటే, ఆ పూట నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. బట్టల సోడా కలిపిన సుద్దముద్ద పట్టించి పాత పూతంతా లాగెయ్యొచ్చు. మళ్ళీ కొత్తగా సీలింగ్ చెయ్యొచ్చు. మేస్త్రి చెడిన రాయిని బాగుచేశాడని పేరు కూడా వస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారే, నేను ఒక రోజంతా అలాగే తాగాను.

ఆ మధ్యాహ్నం రత్నమ్మగారు తోముడు రాయి దగ్గర తనే కూర్చుని గిన్నెలు తోముకుంటున్నారు. నడుము నొప్పి, లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. "నా ముగ్గురు కూతుళ్ళ పురుళ్ళకీ ఆ మరియమ్మే ఉన్నింది మేస్త్రీ," అన్నారు, నన్ను చూడకుండానే. "ఒక్క మాట, 'ఆమామ్మా, పొరపాటున పడింది' అనుంటే నేనేమన్నా తల తీసేస్తానా? అబద్ధమాడిందే అని నా బాధ." ఆవిడ కళ్ళు చెంగుతో ఒత్తుకున్నారు. నేను తల వంచుకుని సుద్దముద్ద కలుపుతూనే ఉన్నాను.

మరునాడు ఆదివారం. వాషర్‌మెన్‌పేటకు నడిచాను. ఏం చెప్పాలో దారి పొడుగునా మననం చేసుకున్నాను. వెళ్ళేసరికి మరియమ్మ చర్చి నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని చేటలో నూకలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి పీట వేసింది. అది వెయ్యకపోయినా బాగుండేది.

"బండలు బాగవతా ఉండాయా అన్నా?" అని అడిగింది.

"అవుతా ఉండాయి."

"నువ్వు చింతపండే అని చెప్పినావంట. కమలమ్మగారి ఇంటికి మళ్ళీ పోతే చెప్పింది." గొంతులో కోపం లేదు. "మొదట్లో నేను ఒప్పుకోలేదు. ఎంత జాగర్తగా ఉంటినో నాకు తెలుసు గదా. మొద్దు రాయి దాటి ఒక్క గిన్నె పెట్టలా. ఆమీద నువ్వు చెప్పినావని ఇన్నాక, సరి, రాయి తెలిసిన మనిషి చెప్పినాడే, నాకు తెలీకుండా యాడనో నాలుగు చుక్కలు పడుంటాయి అనుకున్నా. అమ్మగారి దగ్గర లేదు లేదని సాధించినానే, అది అబద్ధమే గదా. ఇయ్యాల చర్చిలో అదే ఒప్పుకొని వచ్చినా."

చెయ్యని తప్పును ఈవిడ దేవుడి ముందు ఒప్పుకుని వచ్చింది. చేసినవాణ్ణి నేను ఆవిడ వేసిన పీట మీద కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

"చింతపండు కాదు మరియమ్మా. నీ చేతిలో ఏం తప్పూ లేదు. రాయి ఆరకముందే నేను నూనె పూసినా. ఆ తెలుపు నాది."

చేట కింద పెట్టింది.

"ఆ పొద్దు నువ్వు అద్దం తుడిచేటప్పుడు నేను బావి కాడనే ఉండా," అంది. "చెమ్మ నేనూ చూసినా. నువ్వే గదా నాకు చెప్పినావు, చెమ్మ ఉంటే ఆగాల అని. ఏందబ్బా తుడస్తా ఉండాడు అనుకున్నా. మళ్ళీ, ఆయనకి తెలీనిదా, తుడిస్తే చాలునేమో అనుకున్నా." నా వైపు తిరిగి అడిగింది. "నీకు ఆ పొద్దే తెలుసునా?"

"తెలుసు."

"మరి అమ్మగారు అడిగిన పొద్దు?"

"ఆ పొద్దూ తెలుసు. వంగి చూడలేదు గానీ, తెలుసు."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే తేలికయ్యేది. తిట్టలేదు. "ఈడికి వచ్చి నాకు చెప్తే ఏం లాభమన్నా? నా పేరు పోయింది ఈడ కాదు. ఆడ చెప్పు. గోడ కాడ నిలబడి ఇన్నోళ్ళకి ఇనిపించేటట్టు చెప్పు."

సోమవారం పొద్దున ఒక మచ్చ అలాగే ఉంచి, రత్నమ్మగారిని పిలిచాను. కమలమ్మగారిని కూడా గోడ దగ్గరికి రమ్మన్నాను. ముందు రోజు సాయంత్రమే ఒక విరిగిన కడప రాయి ముక్క మీద చింతపండు గుజ్జు పెట్టి ఉంచాను. దాన్ని వాళ్ళ ముందు కడిగి, వేలితో తడమమన్నాను. తెల్లగా, గరుకుగా ఉంది. చాకుతో గీకాను, పోలేదు. తర్వాత పెరటి బండ మీది మచ్చను గీకాను. మైనం తునకల్లా లేచి వచ్చింది, కింద నల్లరాయి బయటపడింది.

"చింతపండు చేసే పని అది. ఇది నా పని. అద్దం చెమర్చింది, నేను తుడిచేసి నూనె పూసినా. మరియమ్మ మీ బండల్ని చెడపలేదు. మొన్న మీరడిగితే అబద్ధం చెప్పినా."

రత్నమ్మగారు ఆ రెండు రాళ్ళనూ మార్చి మార్చి తడిమారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. నన్ను వెళ్ళిపొమ్మంటారని ఎదురుచూశాను. వీధిలో నలుగురికీ చెబుతారని, ఇంక చూలైలో నాకు పని ఉండదని కూడా అనుకున్నాను.

"వానకి ఆరలేదమ్మా, ఆగండి అని ఆ పొద్దే చెప్పుంటే, నేను పైన జంపఖానాలు పరిచి వేడుక జరిపించుండనా?" అన్నారు. "అదీ వద్దు. మొన్న అడిగినప్పుడన్నా చెప్పరాదా?"

"భయమమ్మా."

"భయం," అన్నారావిడ. ఆ ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి జట్కా పిలిపించుకుని వాషర్‌మెన్‌పేటకు బయలుదేరారు. ఆవిడ ఒంటరిగా బండెక్కడం నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం ఆవిడ ఒక్కరే తిరిగొచ్చారు. మరియమ్మ ఏమందో నాకు చాలా రోజుల తర్వాత రత్నమ్మగారే చెప్పారు. "అమ్మా, నీ మీద కోపం లేదు. అయితే ఆ పెరట్లో గిన్నె కింద పెట్టాలంటే నాకు చెయ్యి వణకతాది. పదకొండేండ్లు ఉన్నా గదా, చాలు" అందట. కమలమ్మగారు వచ్చి పిలిస్తే మాత్రం వాళ్ళింట్లో పనికి ఒప్పుకుంది.

పాత పూతంతా తీసి, కడిగి, ఆరబెట్టాను. ఆ మూలలోనే గాజు పలక పెట్టి పిండి అతికించాను. మొదటి పొద్దు చెమ్మ. రెండో పొద్దు అంచుల్లో చెమ్మ. రత్నమ్మగారు వచ్చి చూసి వెళ్ళేవారు. నాలుగో పొద్దు పలక లేపబోతుంటే పిట్టగోడ అవతల మరియమ్మ కనబడింది. కమలమ్మగారి పెరట్లో చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"మరియమ్మా, ఒక్కసారి వచ్చి దీన్ని నువ్వు లేపుతావా?" అన్నాను.

వస్తుందనుకోలేదు. రత్నమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మరియమ్మ చీపురు పక్కన పెట్టి, వీధి చుట్టూ తిరిగి, వెనక తలుపులోంచి వచ్చింది. వంగి, పిండి ఊడబెరికి, పలకను రెండు చేతులతో లేపింది. వెలుతురుకు పెట్టి చూసింది. అడుగున వేలితో ఈ కొస నుంచి ఆ కొసకు రాసింది. ఆ వేలు ముందు రత్నమ్మగారికి చూపించింది, తర్వాత నాకు చూపించింది. పొడిగా ఉంది.

"ఇప్పుడు పూయన్నా," అంది.

ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా ఈ పని చేశాను. గాజు పలక నేను పెట్టేవాణ్ణి గానీ నేను లేపేవాణ్ణి కాదు. ఆ బండల్ని రోజూ కడిగే మనిషి ఎవరో అడిగి, పిలిపించి, వాళ్ళ చేత లేపించేవాణ్ణి. ఇదేం చాదస్తం మేస్త్రీ అని నవ్విన యజమానులున్నారు. నేనూ నవ్వేసి, ఆ వేలు పొడిగా ఉందో లేదో చూసేవాణ్ణి.